సంధికాలపు వస్త్రములు

వానలు వెనుకకు మరలుచుండును. చలి యింకను గుమ్మము తొక్కియుండదు. ఆశ్వయుజ కార్తీకముల నడుమనుండు నీ దినములను మన పెద్దలు శరత్తని పిలిచి, వెన్నెలను, తేఱిన నీటిని, తెల్లని మబ్బులను మిక్కిలి కొనియాడిరి. కాని యా దినములలో నేమి కట్టుకొనవలయునో చెప్పినవా రరుదు. వేసవికి పలుచని నూలుబట్ట యని, వానకు గొడుగని, పుష్యమాఘములకు దుప్పటి యని మనకు నియమము లున్నవి. ఈ సంధికాలమునకు మాత్రము నియమము లేదు. మధ్యాహ్నము చెమట పోయుచుండగా చలిబట్ట మాట యెత్తినవారిని చూచి నవ్వుదుము. తెల్లవాఱుజామున ముడుచుకొని వణకుదుము. పిల్లలకు జలుబు చేసినపుడు గాలి మాఱినదని గాలిని నిందింతుము.

ఈ మార్పునకు కారణము తేటయైనది. వానమబ్బు లున్నంతకాలము అవి భూమికి కప్పిన దుప్పటివంటివి. పగలు నేల గ్రహించిన వేడిని రాత్రి విడిచిపెట్టునపుడు వానిలో కొంత నవి నిలిపియుంచును. అక్టోబరులో నైరృతి ఋతుపవనము తెలంగాణమును విడిచిన పిదప ఆకసము తేఱును, గాలిలో తేమ తగ్గును, రాత్రివేళ నేలలోని వేడి యడ్డులేక మీదికి పోవును. హైదరాబాదు ప్రాంతమున నవంబరులో పగలు 28, 30 డిగ్రీలుండి వేకువకు 16, 17 డిగ్రీలకు దిగుట సామాన్యము. ఒక్క దినములోనే 12 డిగ్రీల యెడము! కోస్తాలో నిట్లు కాదు. ఈశాన్య ఋతుపవనపు వానలును, తుపానులును అచ్చట అక్టోబరు నవంబరులలోనే వచ్చును. అచ్చటివారికి చలికంటె తడియే యెక్కువ బాధ. విశాఖ మన్యమున, సుమారు 1000 మీటర్ల యెత్తుననున్న లంబసింగి వంటి యూళ్లలోనో, కార్తీకము ముగియకమున్నే చలి ముదురును. కావున నొక యూరి నియమము మఱియొక యూరికి పనికిరాదు. మేము పుట్టినది కృష్ణాతీరమున, కాపురము తెలంగాణమున. రెండు తావుల కార్తీకములను ఒంటితో నెఱిగినవారము గనుక ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

విచిత్రమేమన, మన యిండ్లలో బట్టలు కొనుట యీ కాలముననే. దసరాకు కొందుము, దీపావళికి మరల కొందుము. సంవత్సరపు వస్త్రవ్యయములో పెద్దపా లీ నెలన్నరలోనే చెల్లిపోవును. ఐనను కొన్నవానిలో నీ ఋతువునకు పనికివచ్చున దొక్కటియైన నుండదు. మెఱయుచున్నదా, పొరుగింటివారు చూచిరా, ధర యెంత తగ్గించిరి అనునవే మన పరీక్షలు. చెమట పీల్చునా, చలి యాపునా, పదిసారు లుతికిన పిదప నెట్లుండును అను ప్రశ్నలు దుకాణములో మన నోట వెలువడవు. పైన పటారము, లోన లొటారము అను సామెత పెట్టెలోని బట్టలకు తగినట్లు మఱిదేనికిని తగదు.

బట్ట వేడిని పుట్టింపదు. ఈ యొక్క మాట గ్రహించితిమేని సగము చిక్కు వీడును. వేడి మన దేహమునందే పుట్టుచున్నది; బట్ట చేయున దెల్ల దేహమునకు చుట్టును కొంత గాలిని కదలనీయక బంధించుట మాత్రమే. ఆ నిలిచిన గాలియే చలి కడ్డు. అందువలననే యొక దళసరి బట్టకంటె రెండు పలుచని బట్టలు మేలు. వాని నడుమను గాలిపొర యొకటి యేర్పడును. ప్రొద్దెక్కినపు డొకదానిని తీసివేయవచ్చును. ఉదయము మూడు బట్టలు, పదిగంటలకు రెండు, మధ్యాహ్న మొకటి, మరల సందెవేళ రెండు. సంధికాలపు నియమము మా దృష్టిలో నింతే.

ఇక నే నూలు దేనికి తగునో చూతము. సాధారణపు గాలిలో పత్తి తన బరువులో నూటికి 8 వంతులు, ఉన్ని నూటికి 16 వంతులు తేమను ధరించును. పాలియెస్టరు ధరించునది నూటికి ఒక వంతు కూడ లేదు. ఉన్నియైతే నూటికి 30 వంతులవఱకు తేమ పీల్చియు తడిసినట్లు తోపదు. కావున చెమటపట్టు మధ్యాహ్నమునకు ఒంటి నంటియుండునది పత్తియే కావలెను; వేకువమంచులో పైన కప్పుకొనునది ఉన్నియే కావలెను. పండుగకు కొన్న మెఱుగుబట్ట పాలియెస్టరయినచో అది చెమటను పీల్చదు, ఒంటిమీద జిగటగా నంటును. చలిలో చల్లగా తగులును. పత్తికిని దోషము లేకపోలేదు. తడిసిన పత్తి చలి నాపదు; నూలుకండువ మంచులో తడిసినపుడు దానిని విప్పివేయుటయే మేలు.

ఒంటిబట్ట నెన్నుకొనుట యెట్లు? నూలునకు నంబరు కలదు. ఒక పౌను బరువునకు 840 గజముల చిలుప లెన్ని వచ్చునో ఆ సంఖ్యయే నంబరు. నంబరు పెరిగినకొలది నూలు సన్నము. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరులో వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి, చేతిరాటముపై 100వ నంబరు నూలు తీయుచున్నారు. ఆ బట్ట సౌందర్యము సాటిలేనిది. కాని దినదినము కట్టుకొని బండమీద నుతికించు బట్టకు అంత సన్నని నూలక్కఱలేదు. 40, 60 నంబర్ల నూలు చాలును. అల్లిక బిగువుగా నుండవలెను. వస్త్రమును వెలుతురున కెదురుగా పట్టి చూడుడు. పడుగును పేకయు సమముగా నుండి, సందులు ఒక్కరీతిగా కనబడినచో మంచిది. ఒకచో దట్టముగను ఒకచో జల్లెడవలెను కనబడినచో విడువుడు. బొటనవ్రేళ్లతో పేకను ప్రక్కకు త్రోసి చూడుడు. దారములు జరిగి సందు పడినచో నది కుట్లవద్ద చినుగును. గంజి పెట్టి దళసరి చేసిన బట్ట చేతిలో నలిపినపుడు పొడి రాల్చును. తెల్లని చేతిరుమాలును కొంచెము తడిపి రంగుబట్టపై రుద్దినయెడల రంగు నిలుచునదో కాదో తెలియును. ఈ పరీక్షలకు పట్టునది రెండు నిమిషములు. దుకాణదారుడు చిన్నబుచ్చుకొనునని సంకోచింపకుడు. మంచి సరకు గలవాడు చిన్నబుచ్చుకొనడు.

మా యనుభవమున మంగళగిరి నేత చొక్కాలకును లాల్చీలకును మిక్కిలి తగినది. దాని నడుమ బుటాలు లేవు, అంచు సన్ననిది. కావున దేనితోనైనను పొసగును. చేనేత యని చెప్పి మరనేత నమ్ముట యీ దినములలో సామాన్యమైనది. 2006వ సంవత్సరమున ప్రవేశపెట్టబడిన హ్యాండ్‌లూమ్ మార్కు చీటి బట్టకు కుట్టియున్నదేమో చూచుకొనుట మేలు. కుట్టించునపుడు కుట్లలోపల అరంగుళమైన బట్ట విడువుమని దర్జీకి చెప్పవలెను. పెరుగు పిల్లలకును, మాఱు శరీరములకును ఆ యరంగుళమే రెండేండ్ల యాయువు.

ధరను గూర్చి యొక్క మాట. బట్ట ధరను చీటిమీద చదువుట కాదు, కట్టిన దినములతో భాగించి చూడవలెను. 400 రూపాయల చొక్కా ఇరువది యుతుకులకు రంగు వెలిసి మూల పడినదనుకొందము. కట్టిన ప్రతిదినమునకు 20 రూపాయలు పడినది. 1200 రూపాయల చొక్కా నూటయిరువది యుతుకులకు నిలిచినచో దినమునకు 10 రూపాయలు మాత్రమే. చవుకబట్ట కొన్నవాడే యెక్కువ వ్యయము చేసినవాడు. ఐతే 1200 రూపాయలు ఒక్కసారి తీయలేనివా రున్నారనుట నిజము. వారికి మే మిచ్చు సలహా యిది: దసరాకు రెండు, దీపావళికి రెండు కొనుటకు మాఱుగా రెండు పండుగలకును కలిపి యొక్కటి కొనుడు. పండుగ దేవునిదిగాని దుకాణముది కాదు.

ఇక పై కప్పు. మన పట్టణములలో నీ ఋతువున టిబెట్టు శరణార్థులు బాటప్రక్కల స్వెటర్ల దుకాణములు పెట్టుట చదువరు లెఱిగినదే. 1959 తరువాత స్వదేశము విడిచి వచ్చినవారును, వారి బిడ్డలును ఏటేట మన వీథులకు వచ్చి నాలుగు నెలలు నిలుతురు. వారమ్మునది చాలవఱకు లూధియానా మరములపై నల్లినదే; అందులో ఉన్నియు కలదు, యాక్రిలికును కలదు. రెంటిని వేఱుచేయుటకు సులభమైన యుపాయ మున్నది. కొన్న వస్తువు నంచునుండి యొక దారము లాగి నిప్పున కంటింపుడు. ఉన్నియైనచో వెండ్రుక కాలిన వాసన వచ్చి, మంట తీసినంతనే యాఱి, బూడిద వ్రేళ్లమధ్య పొడి యగును. యాక్రిలికో, పాలియెస్టరో యైనచో కరగి, గట్టి పూస కట్టును. పత్తియైనచో కాగితము కాలిన వాసన. ఒక దుకాణమున శుద్ధమైన ఉన్ని యని మా చేత పెట్టిన శాలువ యంచు ఇట్లే పూస కట్టినది. యజమానికి ఆ పూసను చూపగా మాఱుపలుకక ధర వాపసిచ్చెను.

శాలువ మాట వచ్చినది గనుక దానినిగూర్చి కొంత చెప్పక తీఱదు. తెలుగుదేశమున శాలువవలె గౌరవింపబడునదియు, శాలువవలె వ్యర్థమగునదియు మఱియొక వస్త్రము లేదు. సభ జరిగిన శాలువ. పదవి వచ్చిన శాలువ. పదవి పోయిన శాలువ. మా వా రుపాధ్యాయవృత్తి విరమించిన సంవత్సరమున మా యింటికి పదునొకండు శాలువలు వచ్చినవి. జరీవంటి మెఱుగు, అంచున కుచ్చులు, నడుమ పాలియెస్టరు. కప్పినవాడు ఛాయాపటము తీయించుకొని దిగిపోయెను. కప్పించుకొన్నవారు మండువేసవిలో చెమటలు తుడుచుకొనుచు కూర్చుండిరి. ఆ పదునొకండును పెట్టె చేరినవి. వానిలో కొన్ని మరల వేఱు సభలకు వెళ్లి వేఱువారి భుజముల నెక్కినవి. గౌరవించుట కొఱకే నేసిన బట్ట చలి కొఱకు పుట్టినది కాదని వేఱ చెప్పనేల?

ఆ సంవత్సరము కార్తీకమున మా యత్తగారికి ఆయాసము హెచ్చినది. డెబ్బదియేండ్లు దాటిన యామె నాలుగవజామున లేచి, చన్నీళ్లు పోసికొని, తడి పైట భుజాన వైచుకొని తులసికోటవద్ద నిలుచుట చిన్ననాటినుండి వచ్చిన యలవాటు. చలిగాలి తగిలిన ఉబ్బసము రేగునని వైద్యుడు చెప్పి, వెచ్చని బట్ట తప్పక కప్పుకొనుమనెను. మా వారు పెట్టె తెఱచి యన్నింటికంటె పెద్ద శాలువ తెచ్చి తల్లికి కప్పిరి. రెండవనాడే యామె దానిని తీసివైచి, “దీనికంటె నా పైటయే వెచ్చగా నున్నదిరా” యనెను. అది నిజమే. అందులో గాలి నిలుచుటకు చోటు లేదు.

మేము కురుమల యింటికి పోయి యొక గొంగడి కొని తెచ్చితిమి. కోస్తావారు గొంగళి యనునదే యిది. దక్కని గొఱ్ఱెల నల్లని ఉన్నిని కత్తిరించి, ఏకి, ఆడువారు రాటముపై వడుకుదురు. పడుగునకు చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గముపై నేయుదురు. రంగు వేయరు; గొఱ్ఱె రంగే దాని రంగు. క్రొత్తదైనపుడు గఱుకుగా నుండును, వాడినకొలది మెత్తబడును. చిన్నవాన కురిసినను నీరు వెంటనే లోనికి దిగదు. కాపరి పగలు దానిని తలమీద కొప్పెరగా పెట్టుకొనును, రాత్రి పఱచుకొనును, వానకు దాగును, వయసుడిగిన తరువాత కొడుకున కిచ్చును.

మా యత్తగారు దానిని చూచి, “ఇది గొఱ్ఱెలు కాయువారు కప్పుకొనునది గదా అమ్మాయీ! నలుగురు చూచిన నేమనుకొందురు?” అనెను. చలి కన్న నామెను బాధించిన దా నలుగురే. మేము వెంటనే వాదమునకు దిగలేదు. ఆమె మడికి కట్టుకొను ధావళి పూజగది చిలుకకొయ్యకు వ్రేలాడుచుండెను. “అత్తయ్యగారూ, ఆ ధావళి దేనితో నేసినది?” అని మాత్ర మడిగితిమి. “ఉన్నితో” ననెను. “ఉన్ని యెక్కడిది?” అనగా నామె కొంతతడ వూరకుండి, “గొఱ్ఱెదే” ననెను. నూలుబట్ట ముట్టుకొన్న మైలపడును, ఉన్ని మైలపడదు అని మన పెద్దలే యేర్పఱచిరి. నడుమునకు చుట్టుకొన్నపుడు పవిత్రమైన యా ఉన్ని భుజమున కెక్కినంతనే నీచ మెట్లయ్యెను? మైల ఉన్నిలో లేదు. దానిని నేసినవాని కులమును తలచు మన మనస్సులో నున్నది.

ఆమె యా దినమున నొప్పుకొనలేదు. పదిదినములు దానిని జపమునకు పీటమీద పఱచుకొనెను. పిదప మోకాళ్లపైకి వచ్చినది. మార్గశిరము నాటికి భుజముమీద నుండెను. ఉబ్బసము పూర్తిగా పోయినదని మేము చెప్పజాలము. వైద్యుని మందును ఆమె మానలేదు. కాని యా శీతకాలమున రాత్రులు కూర్చుండి తెల్లవార్చుట తక్కువైనది. వాకిటికి వచ్చినవారు “గొంగడి యేమి టమ్మా!” యని నవ్విన, “మీకును కావలయునా?” యని యడుగుట నేర్చినది.

గొంగడి కొందమన్న దొరకని దినము లెంతో దూరమున లేవు. ఉన్నికి ధర లేకపోగా కాపరులు మాంసమునకు మేలైన నెల్లూరు జాతి పొట్టేళ్లతో మందలను కలుపుచు వచ్చిరి. ఆ జాతికి ఉన్ని లేదు, వెండ్రుకయే. మంద నల్లని ఉన్నిని కోల్పోయినకొలది రాటములు మూలపడినవి. రాటముతో పాటు వడుకు స్త్రీల చేతిలోని నాలుగు రూపాయలును పోయినవి. సన్మానసభలవా రొక్కొక్క శాలువకు వ్యయించు ధనమును కూడబెట్టి నలుగురి కొక గొంగడి చొప్పున కొన్నను మగ్గములు కొన్ని నిలుచును. కప్పించుకొన్నవారికిని చలికాలమున నా సభ జ్ఞప్తి యుండును.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట. ఇంటిలో వెచ్చని బట్ట యెవరికి ముందు కొనబడుచున్నదో ఒక్కసారి యెంచి చూడుడు. బడికి పోవు కుమారునికి స్వెటరు. బండిమీద కచేరికి పోవు యజమానునికి తోలుకోటు. కూతున కన్న విడిచినది. ఇంటి యిల్లాలికి పైటకొంగు. ఎల్లవారికంటె ముందు లేచి చల్లని నీటిలో చేతులు పెట్టునది యెవరు? ఆమెయే. ఎల్లవారికంటె ముందు చలిబట్ట కావలసిన దెవరికి? ఈ ప్రశ్నకు మన పెట్టెలు సమాధానము చెప్పవు. ఆడువారికి చలి యుండదని యొక నానుడి మన యిండ్లలో వినబడుచుండును. చలి యుండకపోవుట కాదు. ఉన్నదని చెప్పుట కలవాటు లేకపోవుట.

ఆమెకంటెను ముందు లేచువా రింకొక రున్నారు. అయిదుగంటలకు నాలుగు వీథులు నడచి వచ్చి మన వాకిలి చిమ్మి కలాపి చల్లి ముగ్గు పెట్టు పనిమనిషి చేతులను కార్తీకమున నెవరైన ముట్టి చూచిరా? మా యింట పనిచేయు నామెకు ప్రతి మూడేండ్లకు నొకసారి క్రొత్త ఉన్నిస్వెటరు కొనుట వాడుక. పాతది, పొట్టిదైనది, మోచేయి చినిగినది ఈయము. పై బట్ట నలుగురిలో కనబడునది. పాతబట్ట చలి నాపవచ్చునుగాని తొడిగినవారి తల నెత్తనీయదు. దానికగు వ్యయము దీపావళి టపాకాయల వ్యయములో సగమునకు మించదు. ఒకసారి పొరుగింటామె, “మీరిట్లు చేసిన మా పనిమనిషియు నడుగును గదా” యని మమ్ము దూఱెను. అడుగవలెననియే మా కోరిక.

వానపడు కోస్తా యిండ్లవారికి ప్రత్యేకముగా నొక మాట. మీకు దళసరి ఉన్ని యంతగా నక్కఱలేదు. నీరు దిగని పలుచని పైతొడుగును, దాని లోపల నారిన నూలుబట్టయు ముఖ్యము. బడిపిల్లల సంచిలో నొక మాఱుచొక్కా పెట్టి పంపుడు. తడిసిన బట్టతో సాయంకాలమువఱకు పిల్లవానిని కూర్చుండబెట్టుటకంటె బడికి పంపకుండుట మేలు. మన్యమునకు ప్రయాణము పోవువారు పగటి యెండను చూచి మోసపోకుడు. మధ్యాహ్నము భుజమున బరువనిపించిన బట్టయే సందెవేళ చుట్ట మగును.

బట్టను కొనుట యెంతో, కాపాడుట యంత. ఉన్నిని వేడినీట నుతుకరాదు, పిండరాదు. చల్లని నీట ముంచి, నొక్కి, నీడలో పఱచి యాఱవేయవలెను. వ్రేలాడదీసిన సాగును. పెట్టెలో పెట్టుటకు ముందు దులిపి, రెండుమూడు గంట లెండ చూపి, ఎండిన వేపాకు పొరలమధ్య నుంచుట మన యిండ్ల పాత వాడుక. మురికిపట్టిన ఉన్నినే పురుగు ముందు పట్టును గనుక ఉతికి పెట్టుట వేపాకుకంటె ముఖ్యము. బొత్తాము లూడినవి, కుట్లు విడినవి చలి రాకమున్నే సరిచేసికొనవలెను. కార్తీకమాసమునకు కడవలు కడిగే ప్రొద్దుండదని సామెత. ఆ ప్రొద్దులేని దినములలో సూదికి తీరిక దొరకదు.

చదువరులారా, ఈ పండుగకు బట్టలదుకాణమునకు బయలుదేరకమున్ను ఒక కాగితము తీసికొని యింటివారి పేర్లు వ్రాయుడు. వయసును బట్టి కాదు, సంపాదనను బట్టి కాదు. వేకువ నెవరు ముందు లేతురో వారి పేరు ముందు, వారి తరువాత లేచువారి పేరు పిదప. పనిమనిషి పేరు మఱవకుడు. ఆ వరుసనే కొనుచు రండు. డబ్బు నడుమనే యైపోయినచో కడపట మిగిలినవారు ప్రొద్దెక్కిన పిదప లేచువారే గదా, వారికి సూర్యుడున్నాడు.